గాలికి నీళ్ళు పోసిన ఏడాది

పెరట్లోని కొట్టంలో పుట్టగొడుగులు పెంచుతానని నేను చెప్పినప్పుడు మా అత్త పుట్టగొడుగుల గురించి ఏమీ అడగలేదు. "ఎన్ని బిందెలు పడతాయి మే?" అని నీళ్ళ గురించి అడిగింది. మొక్కలకు పోసినట్టు కాదత్తా, గదిలో గాలి ఎప్పుడూ తడిగా ఉండాలి, అందుకని గాలిలోకే నీళ్ళు చిమ్మాలి అన్నాను. ఆమె నన్ను కిందినుంచి పైదాకా ఒకసారి చూసింది. తర్వాత వాకిట్లో మంచం మీదున్న మా మామకు వినబడేలా, "ఇన్నావా, నీ కోడలు గాలికి నీళ్ళు పోస్తాదంట" అంది. మర్నాడు అంగడికి పోతే, అంగడాయన ఉప్పు ప్యాకెట్టు చేతికిస్తూ, "గాలికి దప్పిక తీరిందా తల్లీ?" అని అడిగాడు.

నాకు ఒళ్ళు మండింది కానీ ఆమెను ఏమనగలను? మాది ఎర్రగుంట్ల దగ్గర ఊరు. పొద్దున లేచి చూస్తే సిమెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు కనబడతాయి కానీ మబ్బు కనబడదు. బోరు ఎండిపోయాక పొలం బీడు పడింది. మా ఆయన ఆ ఫ్యాక్టరీలోనే షిఫ్టులకు పోతాడు. మా ఇంట్లో నీళ్ళు ఒక్క పనితో తప్పించుకోలేవు. బియ్యం కడిగినవి ఎనుముకు, కూరగాయలు కడిగినవి కరివేపాకు చెట్టుకు, స్నానం చేసినవి వాకిలి చల్లడానికి. మా అత్త చేతులు కడుక్కోవాలన్నా కింద ఏదో ఒక చెట్టు ఉందో లేదో చూసుకుని కడుక్కుంటుంది. అలాంటి మనిషి కళ్ళెదుటే నేను కొట్టం పైకప్పుకు సన్నని గొట్టాలు బిగించాను. మోటారు వేయగానే వాటి ముక్కుల్లోంచి నీళ్ళు మంచులా చిమ్మి, నేల మీద పడకముందే గాలిలో కలిసిపోయాయి. నేను చప్పట్లు కొట్టాను. ఆమె మాత్రం నేల తడిమి చూసి, "నీళ్ళు యాడికి పాయె?" అని దొంగను వెతికినట్టు మూలమూలా వెతికింది.

చెప్పడానికి తేలికే. ముత్యపుచిప్ప రకం పుట్టగొడుగులు. ఉడికించిన గడ్డిని విత్తనంతో కలిపి ప్లాస్టిక్ సంచుల్లో కూరి, ఉట్లలా వేలాడదీస్తే సంచికి పెట్టిన చిల్లుల్లోంచి గుత్తులు గుత్తులుగా వస్తాయి. కావలసిందల్లా చల్లదనం, తేమ, కాస్త గాలి. తేమ కొలిచే మీటరు ఎనభైకి తగ్గకూడదని నేను పోయొచ్చిన పెంపకం శిక్షణలో చెప్పారు. మీటరు కొని తెచ్చి మధ్యాహ్నం వాకిట్లో పెడితే ముప్పై కూడా చూపలేదు. చెడిపోయిందని గొడవపడి మార్చుకొచ్చాను. కొత్తది ఇంకా తక్కువ చూపింది.

పైగా మా కొట్టం వేరుశనగ కాయలు పోసుకోవడానికి కట్టింది. నాపరాయి గోడలు పగలంతా ఎండను మింగి సాయంత్రం మా మీదికి కక్కుతాయి. గోడలకు గోనెపట్టలు కట్టి తడిపాం. నేల మీద ఇసుక పోసి తడిపాం. కప్పు మీద జొన్నచొప్ప పరిచి దాన్నీ తడిపాం. ట్యాంకరు నీళ్ళలోని ఉప్పుకు గొట్టాల ముక్కులు తెల్లగా గట్టిపడి మూసుకుపోయేవి. ఒకటి సూదితో పొడిచి బాగుచేస్తే ఇంకోటి మూసుకునేది. మా ఆయన షిఫ్టు దిగి సిమెంటు దుమ్ముతో వస్తే స్నానం చేసేదాకా కొట్టం వైపు రానిచ్చేదాన్ని కాదు. "ఈ గదికి జరిగే మర్యాద నాకు పెళ్ళిలో కూడా జరగలా" అన్నాడు ఆయన. అది నిజమే.

ఇంతకీ నీళ్ళ విషయంలో అంత పిసినారి మనిషి దీనికి ఎందుకు ఒప్పుకుందో చెప్పాలి. కోతపండుగ కోసం ఒప్పుకుంది. మా చర్చిలో కోతపండుగ ఆదివారం రెండు బల్లలు వేస్తారు. బలిపీఠం ముందుండే పెద్దబల్ల మీద సొంత పొలంలో పండినవి పెడతారు. హార్మోనియం పక్కనుండే చిన్నబల్ల బజారులో కొని తెచ్చినవాటికి. ఈ సంగతి ఎక్కడా రాసి లేదు, పాస్టరు అయ్యగారు ఎప్పుడూ చెప్పలేదు, అయినా ఎవరూ పొరపాటున కూడా బల్ల మార్చరు. ఆరాధన అయ్యాక వాటన్నిటికీ వేలం జరుగుతుంది. ఒకరు తెచ్చినవి ఇంకొకరు పాడుకుని ఇంటికి తీసుకుపోతారు.

బోరు ఎండినప్పటినుంచి మా అత్త సంతలో పత్తికొండ టమోటాలు కొని చిన్నబల్ల మీద పెడుతోంది. మామూలు రోజుల్లో ఆమె నడిస్తే వీధి ఆమెదే. ఆ ఒక్క ఆదివారం మాత్రం కొంగు నెత్తిమీదికి బాగా ముందుకు లాక్కుని, గోడవారగా పోయి, బుట్ట పెట్టేసి వచ్చి చివరి వరుసలో కూర్చుంటుంది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఎందుకత్తా అంత సిగ్గు, దేవుడికి టమోటా టమోటానే కదా అన్నాను. "దేవునికి కాదు మే, నాకు. భూమి పెట్టుకోని కొనుక్కొచ్చి పెడతాండా" అని అటు తిరిగిపోయింది. ఆమె అంత మెల్లగా మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు.

అందుకే పుట్టగొడుగులు కోతపండుగ నాటికి చేతికొస్తాయని నేను చెప్పగానే ఆమె తలూపింది. "ఈ ఏడు పెద్దబల్ల మీద పెట్టాల. అంతే నాకు కావల్సింది. నువ్వు గాలికి పోస్తావో నిప్పుకే పోస్తావో పొయ్" అంది. ఒక షరతు కూడా పెట్టింది. తొలిపంట దేవుని బల్ల ఎక్కేదాకా ఇంట్లో ఎవరూ నోట పెట్టకూడదు. ఆ మాట అంటున్నప్పుడు ఆమె మామ వైపు చూసింది, ఎందుకంటే ఆయన నాలుక సంగతి ఆమెకు తెలుసు.

ఇక మొదలైన తలనొప్పి పుట్టగొడుగులతో కాదు, మనుషులతో. ఊరంతా కాగిపోతుంటే మా కొట్టం ఒక్కటే చల్లగా ఉండటం ఎవరి కంటా పడకుండా ఉంటుందా? మొదట మా మామ మంచం లోపలికి జరిగింది. అడిగితే, "కాపలా ఉండాల్నా లేదా?" అన్నాడు. కళ్ళు మూసుకుని, గురకపెడుతూ కాపలా కాసేవాడు. ఆయన వెనకే ఎదురింటి పెద్దాయన, ఆయన వెనక ఇంకో ఇద్దరు వచ్చారు. ఇంతమంది లోపల ఊపిరి వదులుతుంటే గదిలో మంచి గాలి ఏం మిగులుతుంది? పిలకలన్నీ గొడుగు విప్పకుండా కాడలు మాత్రం సాగదీసుకుని వచ్చాయి.

"మామా, నీ ఊపిరికి అవి సన్నబడిపోతాండాయి. లెయ్" అన్నాను.

"నా ఊపిరి నా పెండ్లాన్నే ఏమీ చేయలా ఇంతకాలం. వాటినేం జేస్తాది?" అని ఆయన అటు తిరిగి పడుకున్నాడు. చివరికి మంచాన్ని నేనూ అత్తా చెరో పక్కా పట్టుకుని, ఆయన దాని మీద ఉండగానే బయటికి మోసుకొచ్చాం.

ఆయన పీడ వదిలిందనుకుంటే బుధవారం స్త్రీల ప్రార్థనకూటం కొట్టంలోనే పెట్టాలని అత్త పట్టుబట్టింది. పంట దేవునిదైనప్పుడు ప్రార్థన ఆడ జరిగితే తప్పేంది అంది. పదిమందికి పైగా ఆడవాళ్ళు తడి ఇసుక మీద చాపలేసుకుని, సంచుల మధ్యన కూర్చుని, ఎత్తిన గొంతు దించకుండా పాటలు పాడారు. అయిపోయాక మీటరు చూస్తే తేమ బాగానే పెరిగింది. "చూస్తివా, నీ మోటారు చేయలేంది ప్రార్థన చేసింది" అని అత్త అందరికీ చూపించింది. అది వాళ్ళ ఊపిరిలోని తడి అని నాకు తెలుసు. చెప్పాలని నోరు తెరిచాను కూడా. కానీ ఆమె ముఖం చూసి ఊరుకుని, తలుపు తెరిచి గాలి ఆడించాను. మరుసటి వారంనుంచి కూటాన్ని వసారాలోకి మార్పించడానికి అయ్యగారి దాకా పోవాల్సి వచ్చింది.

ఇన్ని జరిగినా కొట్టం దారికొచ్చింది. అరగంటకోసారి మోటారు తనంతట తానే తిరిగేలా టైమరు పెట్టాను. పండుగ వారం వచ్చేసరికి సంచుల నిండా తెల్లటి గుత్తులు విచ్చుకున్నాయి. శనివారం కోద్దామని అనుకున్నాం. అత్త రోజూ పొద్దున పళ్ళు తోముకోకముందే వచ్చి వాటిని చూసుకునేది. తాకేది కాదు. చేతులు వెనక్కి కట్టుకుని, ఒక్కో సంచి ముందూ నిలబడి, తల ఊపి, పక్కదాని దగ్గరికి పోయేది. నాకు భలే గర్వంగా ఉండేది.

బుధవారం మధ్యాహ్నం వాన మొదలైంది.

వాయుగుండమని టీవీలో చెప్పారు కానీ మేం నమ్మలేదు. మా వైపు వస్తానన్న వాయుగుండాలన్నీ నెల్లూరు దగ్గర తిని పడుకుని పోవడం మాకు అలవాటే. ఈసారి నిజంగానే వచ్చింది. వీధిలోకి రాని మనిషి లేడు. మామ చొక్కా విప్పి వాకిట్లో నిలబడి ముఖం పైకెత్తాడు. అత్త బిందెలు, బకెట్లు, గంగాళం, పాలగిన్నె, చివరికి గరిటెతో సహా చూరు కింద పెట్టింది. అన్నీ నిండాక ఆమెకు ఎన్నడూ లేని ఔదార్యం వచ్చింది. తడిసిన చీరతోనే కొట్టంలోకి పోయి మోటారు వేసి, "పాపం, అవి కూడా తాగనీ మే. ఇన్ని నీళ్ళుండంగా వాటికెందుకు తక్కువ చేయాల?" అంది. వానగాలి లోపలికి రావాలని తలుపులు బార్లా తెరిచింది.

గాలికి నీళ్ళు పోస్తానన్నందుకు నా గురించి ఊరంతా చాటింపు వేసిన మనిషి తన చేత్తో గాలికి నీళ్ళు పోస్తోంది. నాకు కళ్ళు చెమర్చాయి. వద్దని చెప్పాలన్న ఆలోచన కూడా రాలేదు. మీటరు తొంభై తొమ్మిది చూపింది. ఆ అంకె నేను కలలో కూడా చూడలేదు. ఫోటో తీసి స్టేటస్ పెట్టుకున్నాను.

తేమ ఎక్కువ కావడం అనేది ఒకటుంటుందని మా ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు. తట్టడానికి మా బుర్రల్లో దానికి చోటే లేదు. శిక్షణలో ఆ పాఠం వచ్చినప్పుడు కూడా మా సారు, ఆయనదీ కడపే, "తేమ ఎక్కువైతే అన్నది కోనసీమోళ్ళకు, మనకు కాదులే" అని పేజీ తిప్పేశాడు. అందరం నవ్వాం. నేను అందరికంటే గట్టిగా నవ్వాను.

వాన కురుస్తూనే ఉంది. అరగంటకోసారి మోటారు కూడా చెప్పిన పని చెప్పినట్టు చేస్తూనే ఉంది. గురువారమంతా ఇంటి కప్పు కారుతుంటే గిన్నెలు మార్చడంలోనే సరిపోయింది. శుక్రవారం కొట్టంలోకి అడుగుపెట్టగానే వాసన కొట్టింది. గుత్తులన్నీ గోధుమరంగుకు తిరిగి, జిగురుగా మారి, పట్టుకుంటే వేళ్ళకు అంటుకున్నాయి. నేను ఇసుక మీద కూలబడి ఏడ్చాను. వానను తిట్టాను, మోటారును తిట్టాను, కోనసీమను కూడా తిట్టాను.

అత్త గుమ్మంలో నిలబడి చూసింది. "వానొచ్చి పంట పోవడం మన ఇంట్లో ఇదే మొదలు" అంది. తర్వాత చీర కుచ్చిళ్ళు దోపుకుని ఒక్కో సంచినీ తిప్పి చూడటం మొదలుపెట్టింది. లోపలి మూలన ఒకే ఒక్క సంచి బాగుంది. దానిమీది గొట్టం ముక్కు ఉప్పుకు మూసుకుపోయి, నేను బాగుచేద్దాం చేద్దామనుకుంటూ మరిచిపోయినది. దాన్నుంచి ఒక చిన్నబుట్టకు సరిపడా కోశాం. పంటంటే ఇక అదే.

శనివారం వాన వెలిసింది. వెలిసీ వెలవగానే ఊరి చుట్టూ చేలల్లో, పుట్టల మీద, గట్ల మీద పుట్టగొడుగులు లేచాయి. ఎవరూ గడ్డి ఉడికించలేదు, ఎవరూ టైమరు పెట్టలేదు. పిల్లలు, పెద్దలు గంపలకు ఎత్తుకొచ్చారు. ఎదురింటామె పళ్ళెం నిండా మాకూ తెచ్చి, "నీ కోడలికి ఇవంటే ప్రాణం గదా" అంది. ఆ క్షణంలో ఎవరి ప్రాణం తీయాలనిపించిందో నేను చెప్పను. మా బుట్ట చూసి ఆమె జాలిపడి, "ఇవి కూడా కలిపి పెద్దబల్ల మీద పెట్టక్కా, ఎవరికి తెలుస్తాది?" అంది.

"కొన్నవి చిన్నబల్ల మీద పెట్టినోళ్ళం. ఊరికే వచ్చినవి పెద్దబల్ల మీద పెడతామా?" అని అత్త ఆ పళ్ళెం మర్యాదగా వెనక్కిచ్చింది. మామ ఆ పళ్ళెం ఎదురింటి గడప దాటేదాకా చూస్తూనే ఉన్నాడు.

ఆదివారం అత్త కొంగు నెత్తిన వేసుకుంది కానీ ముందుకు లాక్కోలేదు. నడిమి దారిలోనే నడిచింది. నేను వెనకే పోయాను. పెద్దబల్ల మీద కొర్రకంకులు, వేరుశనగ చెట్లు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టిన ఒక పుంజు, వాటి పక్కన కుప్పలుగా చేలల్లో లేచిన పుట్టగొడుగులు. వాటి ముందు సంఘపెద్ద నిలబడి ఉన్నాడు. మా బుట్టలోకి తొంగిచూశాడు.

"ఇవి యాడివమ్మా? మీ చేనివేనా?"

"మా కొట్టంలోవి."

ఆయన గడ్డం గోక్కున్నాడు. "కొట్టంలోవంటే ఎట్లమ్మా? పొలం పంటకు గదా ఈ బల్ల. ఇంట్లో చేసినవి ఆ పక్క..." అని హార్మోనియం వైపు చెయ్యి చూపాడు.

నేను అటు తిరగబోయాను. అత్త మాత్రం కదల్లేదు. బల్ల మీది కుప్పలు చూపించి, "అవి?" అని అడిగింది.

"అవి చేనిలో లేసినాయి గదమ్మా."

"అవి వాటంతట అవే లేసినాయి. ఇవి మేం లేపినాం. వాటికి దేవుడు వానిచ్చినాడు. వీటికి మేం గాలిని కూడా తడిపినాం. ఇంకా పంట కాదంటే నువ్వొచ్చి ఒక దినం తడుపు, తెలుస్తాది."

అయ్యగారు దగ్గి, నవ్వు దాచుకుని, "పెట్టనీప్పా" అన్నారు. అత్త కొర్రకంకులను కాస్త పక్కకు జరిపి, సరిగ్గా నడిమధ్యన బుట్ట పెట్టింది. తిరిగి వచ్చి ఆమె చివరి వరుసలో కూర్చోలేదు, ముందు వరుసలో ఇద్దరిని జరిపి కూర్చుంది.

వేలంలో మా బుట్ట వంతు వచ్చింది. ఇంటింటా ఊరికే వచ్చిన పుట్టగొడుగులు ఉన్నప్పుడు ఎవరు పాడతారు? సంఘపెద్ద రెండుసార్లు పిలిచినా ఎవరూ పలకలేదు. అప్పుడు మగవాళ్ళ వైపునుంచి మా మామ పాడాడు. నేను ఊపిరి పీల్చుకునేలోపే ఆడవాళ్ళ వైపునుంచి మా అత్త ఆయన మీద పాడింది. తెచ్చినవాళ్ళు తమది తామే పాడుకునే పద్ధతి మా చర్చిలో లేదు. ఇక మొగుడూ పెళ్ళాం ఒకరి మీద ఒకరు పాడుకోవడం అయితే ఎవరూ విననే లేదు. మామ పెంచాడు. అత్త పెంచింది.

"ఒకింటోళ్ళే గదప్పా, ఒకరు ఆపండి" అని సంఘపెద్ద బతిమాలాడు.

"ఆమెను ఆపమను. నేను ఇన్ని దినాలు వాసన చూసుకుంటా కూచున్నా" అన్నాడు మామ.

"ఆయన్నే ఆపమను. మంచంతో సహా మోసుకొచ్చినాం ఆయన్ను" అంది అత్త.

చర్చి అంతా గొల్లుమంది. మామ రెండు చేతులూ పైకెత్తి కూర్చున్నాడు. అత్త లేచి పోయి తన బుట్ట తాను తెచ్చుకుంది.

ఇంటికొచ్చాక ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయలు తప్ప ఏమీ వేయకుండా వండింది. ఉడికేసరికి అది గిన్నె అడుగున పట్టేంతే అయింది. రోజూ అందరికీ పెట్టి తను చివర తినే మనిషి, ఆ రోజు ముందు తన కంచంలో పెట్టుకుని ఒక ముద్ద నోట్లో వేసుకుంది. మా ఆయన షిఫ్టులో ఉన్నాడు, నేనూ మామా కంచాల ముందు చేతులు కట్టుకుని చూస్తున్నాం. ఆమె శానాసేపు నమిలింది.

"ఎట్లుండాది అత్తా?" అన్నాను.

"మన భూమి రుచి తెలుస్తాంది" అంది ఆమె.

సంచుల్లో కూరిన గడ్డి కాలువ కింద ఊళ్ళది. విత్తనం తిరుపతినుంచి బస్సులో వచ్చింది. పుట్టినప్పటినుంచి కోసేదాకా ఆ పుట్టగొడుగులకు మట్టి అంటనే లేదు. నేను మామ వైపు చూశాను. ఆయన కంచంలోకి చూసుకుంటూ, ఇంకా ముద్ద కూడా పెట్టుకోకుండానే, "అవును, మన భూమిదే" అన్నాడు.